హెల్త్ చెకప్‌కు వెళ్తే ఆ రోజు ఏం జరుగుతుంది? ఏ పరీక్షలు అవసరం, ఏవి కావు?

వేపచెట్టు
నాకు నలభై ఒకటి. హైదరాబాద్‌లో ఉద్యోగం. ఈ ఏడాది ఆఫీసు వాళ్లు హెల్త్ చెకప్ కూపన్ ఇచ్చారు. నాతో పాటు తల్లిదండ్రుల్లో ఒకరికి కూడా వర్తిస్తుందట. నాన్నగారికి అరవై ఆరు, తెనాలి దగ్గర పల్లెలో ఉంటారు. ఫోన్ చేసి చెబితే "నాకేం రోగమని ఆసుపత్రికి రావాలి?" అన్నారు. కాసేపాగి "సూది ఎన్నిసార్లు గుచ్చుతారు?" అని అడిగారు. రెండింటికీ నా దగ్గర సరైన జవాబు లేదు.

ల్యాబ్ వాళ్లు పంపిన కాగితంలో మూడు ప్యాకేజీలున్నాయి. 42 పరీక్షలది వెండి, 68 పరీక్షలది బంగారం, 91 పరీక్షలది వజ్రం. చెకప్‌కు వెళ్తున్నామో నగల దుకాణానికి వెళ్తున్నామో అర్థం కాలేదు. ముందు రోజు ఏం తినాలి, ఎంతసేపు పడుతుంది, ఈ మూడింట్లో ఏది తీసుకోవాలి? తెలిసినవారు చెప్పండి.

గాజునాళిక
నేను ల్యాబ్ టెక్నీషియన్‌ను. మీ నాన్నగారి రెండో ప్రశ్నకు జవాబు నేను చెబుతాను. రెండుసార్లు. పరగడుపున ఒకసారి, తిన్న రెండు గంటలకు మరొకసారి. పరగడుపున గుచ్చిన ఒక్క సూదితోనే మూడు నాలుగు గొట్టాలు నింపుతాం. అన్నీ కలిపినా రెండు మూడు చెంచాలకు మించదు, "ఇంత రక్తం లాగేశారు" అని కంగారు పడనక్కర్లేదని చెప్పండి.

రాత్రి ఎనిమిదికల్లా మామూలు భోజనం ముగించండి. పొద్దున ఏడు, ఎనిమిది మధ్య రక్తం ఇవ్వండి. మంచినీళ్లు తాగవచ్చు, తాగాలి కూడా. నీళ్లు తాగకుండా వచ్చినవారికి నరం దొరక్క మేమూ అవస్థ పడతాం, వాళ్లూ పడతారు. కాఫీ, టీ వద్దు, చక్కెర లేకుండా కూడా వద్దు. ముందు రోజు మద్యం, విందు భోజనం, కొత్తగా మొదలుపెట్టిన వ్యాయామం, ఈ మూడూ మానుకోండి. విందు, మద్యం రక్తంలోని ట్రైగ్లిజరైడ్లనే కొవ్వును పెంచుతాయి. అలవాటు లేని వ్యాయామం లివర్ ఎంజైముల అంకెలను కూడా కదిలిస్తుంది.

తిన్న తర్వాత ఇచ్చే రక్తం విషయంలో చాలామంది తమను తామే మోసం చేసుకుంటారు. సగం ఇడ్లీ తిని, ఆసుపత్రి ఆవరణలో గబగబా నాలుగు చుట్లు తిరిగి వస్తారు. రోజూ తినే టిఫిన్ రోజూ తినేంత తినండి. రెండు గంటలు మొదటి ముద్ద నుంచి లెక్క, చేయి కడుక్కున్నప్పటి నుంచి కాదు.

గొట్టాల మూతలు గమనించండి. ఊదా రంగు మూత రక్తకణాల లెక్కకు, మూడు నెలల షుగరు సగటు చెప్పే హెచ్‌బీఏ1సీకి. బూడిద రంగు మూత షుగరుకు. ఎరుపు లేదా పసుపు మూత లివర్, కిడ్నీ, కొలెస్ట్రాల్, థైరాయిడ్‌కు. బూడిద మూత గొట్టంలో ఫ్లోరైడ్ ఉంటుంది. అది లేకపోతే గొట్టంలోని రక్తకణాలే చక్కెరను వాడేసుకుంటూ పోతాయి, గంటకు సుమారు 5 నుంచి 7 శాతం చొప్పున షుగరు అంకె పడిపోతుంది. ఇంటికి వచ్చి ఆరింటికి రక్తం తీసుకున్న కుర్రవాడు ఇంకో పది ఇళ్లు తిరిగి పదకొండింటికి ల్యాబ్ చేరాడనుకోండి, షుగరు ఉన్నవారికి కూడా లేనట్టు రావచ్చు. అందుకే ఇంటి దగ్గర ఇచ్చేవారు బూడిద మూత గొట్టం ఉందో లేదో చూడండి. మీ పేరు, వయసు ఉన్న చీటీ మీ కళ్ల ముందే గొట్టానికి అంటించమనండి.

మల్లెపందిరి
మూత్ర పరీక్ష గురించి కూడా చెప్పండి గాజునాళిక గారూ. డబ్బా చేతిలో పెట్టి "బాత్రూం అటు" అంటారు తప్ప ఎలా పట్టాలో ఎవరూ చెప్పరు.

గాజునాళిక
నిజమే, చెప్పరు. మొదట వచ్చేది వదిలేసి, మధ్యలో వచ్చేది పట్టాలి. డబ్బా మూత లోపలి వైపు వేళ్లు తగలనివ్వకండి. ఆడవారు నెలసరి రోజుల్లో ఉంటే ముందే చెప్పాలి, లేకపోతే మూత్రంలో రక్తం ఉందని రిపోర్టు వచ్చి అనవసరపు భయం. వీలైతే ఆ రోజులు దాటాక ఇవ్వడమే మంచిది.

ఆ 91 పరీక్షల సంగతి కూడా విప్పి చెబుతాను. ఊదా మూత గొట్టం ఒక్కటి యంత్రంలో పెడితే ఇరవైకి పైగా అంకెలు వస్తాయి. ప్యాకేజీలో ఒక్కో అంకె ఒక్కో పరీక్ష. లివర్ పరీక్షల్లో వచ్చే బిలిరుబిన్ చూడండి, మొత్తం ఒకటి, డైరెక్ట్ ఒకటి, ఇన్‌డైరెక్ట్ ఇంకొకటి. మూడోది మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే వచ్చే శేషం, దానికి ఒక పరీక్ష లెక్క. కొలెస్ట్రాల్ పట్టికలో నిష్పత్తులన్నీ భాగహారాలే. చాలాచోట్ల చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ కూడా లెక్కగట్టినదే, నేరుగా కొలిచింది కాదు. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఆ లెక్క పనికిరాదు. కాబట్టి పరీక్షల సంఖ్య చూసి మురిసిపోకండి.

చింతనిప్పు
ఇంత చెప్పాక ఇంకా వెళ్లమనే అంటున్నారా? ఇదంతా వ్యాపారం. మా వీధిలో ఒకాయన పొద్దున నడిచి, సాయంత్రం షటిల్ ఆడి హాయిగా ఉండేవాడు. పెద్ద ప్యాకేజీ తీసుకున్నాడు. అందులో క్యాన్సర్ మార్కర్ (క్యాన్సర్ ఉంటే రక్తంలో పెరిగే పదార్థం) ఒకటి కొంచెం ఎక్కువ వచ్చింది. స్కానింగ్ అన్నారు, ఆ స్కానింగ్‌లో ఇంకేదో మచ్చ అన్నారు, దానికి ఇంకో స్కానింగ్. చివరికి ఏమీ లేదు. ఖర్చు పక్కన పెట్టండి, ఆ ఇంట్లో కొన్ని వారాలపాటు ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు.

పైగా వైద్య అధ్యయనాలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ వారి 2019 సమీక్ష ఉంది. 17 అధ్యయనాలు, దాదాపు రెండున్నర లక్షల మంది. ఒంట్లో బాగున్నవారికి సాధారణ చెకప్‌లు చేయడం వల్ల మరణాలు తగ్గలేదని తేల్చింది. దీనికేమంటారు?

ఊరి డాక్టరు
జిల్లా కేంద్రంలో జనరల్ ఫిజీషియన్‌గా పని చేస్తున్నాను. చింతనిప్పు గారు చెప్పిన సమీక్ష నిజమే, దాన్ని దాటవేయను. అయితే ఆ అధ్యయనాల్లో ఎక్కువ భాగం పాశ్చాత్య దేశాల్లో జరిగాయి. అక్కడ జనం జలుబుకు వెళ్లినా కుటుంబ డాక్టరు పనిలో పనిగా బీపీ చూసి పంపుతాడు. విడిగా చెకప్ పెట్టినా కొత్తగా బయటపడేది తక్కువ. మన సంగతి వేరు. 2023లో ప్రచురితమైన, భారత వైద్య పరిశోధన మండలి వారి ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం, 13.6 కోట్ల మందికి దాని ముందు దశ ఉంది. బీపీ ఉన్న పెద్దవారు 35 శాతం పైనే. నా దగ్గరకు కాలి పుండుతోనో చూపు మసకతోనో వచ్చినవారికి అదే రోజు షుగరు ఉందని తెలియడం ఇప్పటికీ మామూలే.

అందుకని నేను చెప్పేది ఇది. దొరికితే మందుతో అదుపు చేయగలిగిన వాటిని వెతకండి. దొరికినా ఏం చేయాలో తెలియని వాటిని వెతకకండి. సీఏ-125, సీఈఏ వంటి క్యాన్సర్ మార్కర్లు రోగం ఉన్నవారిలో చికిత్స ఎలా సాగుతోందో చూడటానికి పనికొస్తాయి. ఆరోగ్యంగా ఉన్నవారిలో క్యాన్సర్‌ను వెతకడానికి కాదు. వజ్రం ప్యాకేజీలో మెరిసేవి చాలావరకు ఇవే.

ఇంకో లెక్క. రిపోర్టులో పక్కన ఉండే సాధారణ పరిధిని సాధారణంగా ఆరోగ్యవంతుల్లో 95 శాతం మంది ఇమిడేలా గీస్తారు. అంటే ఏ రోగమూ లేని నూరు మందిలో ఒక్కో పరీక్షలో ఎవరో ఐదుగురు గీత దాటతారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు చేస్తే, పూర్తి ఆరోగ్యవంతుడికి కూడా కనీసం ఒక్కదానిలో తేడా కనబడే అవకాశం 64 శాతం. కాబట్టి రిపోర్టులో మందపాటి నల్లటి అక్షరాలతో ఒకటి రెండు అంకెలు కనబడగానే ఇంటర్నెట్‌లో వెతకడం మొదలుపెట్టవద్దు.

చింతనిప్పు
మార్కర్ల సంగతి ఒప్పుకున్నందుకు సంతోషం. మరి ఏం చేయించాలో మీరే చెప్పండి, అంకెలతో సహా.

ఊరి డాక్టరు
మొదట చేయించాల్సింది పరీక్ష కాదు, సంభాషణ. ఇంట్లో ఎవరికి షుగరు, ఎవరికి చిన్న వయసులో గుండెపోటు, బీడీ, చుట్ట, గుట్కా, మద్యం, నిద్ర, రాత్రి ఎన్నిసార్లు మూత్రానికి లేస్తారు, మెట్లెక్కితే ఆయాసమా, ఈ మధ్య ఆకలి గానీ బరువు గానీ తగ్గిందా. డాక్టరు ఇవి అడగకుండా నేరుగా రిపోర్టు చూసి సంతకం పెడితే ఆ చెకప్ సగమే జరిగినట్టు.

తర్వాత బరువు, ఎత్తు, నడుము చుట్టుకొలత. మన శరీర తత్వానికి నడుము మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదు. ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే బీఎంఐ 23 దాటితే చాలు అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. టేపుతో కొలిచే నడుము అంకెను ఎవరూ పట్టించుకోరు, ఎందుకంటే దానికి బిల్లు ఉండదు.

బీపీ కొలవడం మీదే నాకు ఎక్కువ ఫిర్యాదు. లిఫ్టు చెడిపోయి మెట్లెక్కి వచ్చినాయనకు, కబుర్లు చెబుతూ, చొక్కా చేతి మీదే పట్టీ చుట్టేసి కొలిచేస్తారు. ఐదు నిమిషాలు కుర్చీలో వీపు ఆనించి కూర్చోవాలి. పాదాలు నేలమీద ఉండాలి, కాలి మీద కాలు వేయకూడదు. చేయి గుండె ఎత్తులో బల్ల మీద ఆనించాలి. మాట్లాడకూడదు. అంతకు అరగంట ముందు కాఫీ, సిగరెట్టు ఉండకూడదు, మూత్రం ఆపుకొని ఉండకూడదు. స్కానింగ్ కోసం కడుపు నిండా నీళ్లు తాగించి, ఆ ఇబ్బందిలోనే బీపీ చూస్తే అంకె పెరగదా మరి? 140/90 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే అదే రోజు మందు రాసేయడం కాదు, వేర్వేరు రోజుల్లో మళ్లీ చూడాలి. మరీ ఎక్కువ ఉంటే వేరే మాట.

వేపచెట్టు గారూ, మీకు పరగడుపు షుగరు, హెచ్‌బీఏ1సీ, కొలెస్ట్రాల్, కిడ్నీల పనితీరుకు క్రియాటినిన్, మూత్రం, రక్తకణాల లెక్క చాలు. పరగడుపున 100 లోపు ఉంటే మంచిది. 100 నుంచి 125 ముందు దశ, 126 ఆపైన మధుమేహం, అదీ రెండోసారి నిర్ధారించుకున్నాకే. హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 ముందు దశ, 6.5 నుంచి మధుమేహం. ఐరన్ లోపం వల్ల రక్తహీనత ఉంటే హెచ్‌బీఏ1సీ ఉన్నదానికన్నా ఎక్కువ చూపవచ్చు, అందుకే రక్తకణాల లెక్కతో కలిపి చదవాలి. నాన్నగారికి ఇవే, వీటితో పాటు ఈసీజీ, కంటి పరీక్ష. కంటి నరాన్ని దెబ్బతీసే గ్లకోమా చూపును పక్కల నుంచి తినేస్తూ వస్తుంది, మనిషికి చాలాకాలం తెలియదు. ఆయన బీడీ, సిగరెట్టు తాగినవారైతే ఒక్కసారి పొట్ట స్కానింగ్ కూడా. 65 నుంచి 75 ఏళ్ల మధ్య ఉండి ఎప్పుడైనా పొగ తాగిన మగవారికి, పొట్టలోని పెద్ద రక్తనాళం ఉబ్బిందేమో ఒకసారి చూడాలని అమెరికా మార్గదర్శకాలు చెబుతాయి.

ఉద్దానం జీడితోట
డాక్టరు గారు క్రియాటినిన్ అని ఒక్క మాటతో దాటేశారు, నేను దాటనివ్వను. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. మా ఊళ్లలో కిడ్నీ జబ్బు ఎందుకు వస్తోందో ఏళ్ల తరబడి పరిశోధనలు సాగుతూనే ఉన్నాయి. జీడితోటల్లో, కొబ్బరితోటల్లో పని చేసే గట్టి మనుషులు. నొప్పి లేదు, వాపు లేదు, కొందరికి షుగరూ బీపీ కూడా లేవు. ఒంట్లో నలతగా ఉందని పలాస వెళ్లి రక్తం ఇస్తే అప్పటికే కిడ్నీలు చాలావరకు పోయి ఉంటాయి. "రోగం లేనప్పుడు పరీక్ష ఎందుకు" అనే మాట మా వైపు చెల్లదు. క్రియాటినిన్‌తో పాటు మూత్రంలో ప్రొటీన్ పోతోందేమో కూడా చూడమనండి. చాలాసార్లు క్రియాటినిన్ పెరగక ముందే మూత్రం చెబుతుంది.

ఊరి డాక్టరు
పూర్తిగా ఒప్పుకుంటాను. క్రియాటినిన్ ఒక్క అంకెను చూసి ఊరుకోకుండా కిడ్నీలు ఎంత వడపోస్తున్నాయో వయసును బట్టి లెక్కగట్టే ఈజీఎఫ్ఆర్ కూడా రిపోర్టులో ఇమ్మని అడగండి. కండ తక్కువ ఉన్న పెద్దవారిలో క్రియాటినిన్ మామూలుగా కనిపిస్తూనే కిడ్నీ పనితీరు తగ్గి ఉండవచ్చు. షుగరు ఉన్నవారైతే మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్‌కు, క్రియాటినిన్‌కు మధ్య నిష్పత్తి ఏడాదికోసారి తప్పనిసరి.

మల్లెపందిరి
ఇప్పటిదాకా అందరూ నాన్నగారి గురించే మాట్లాడారు. అమ్మల సంగతి? మా ఇంట్లో కూపన్ వస్తే ముందు మావారికి, తర్వాత మామగారికి. అత్తయ్యగారికి "ఆవిడ బాగానే ఉంది కదా" అనే సర్టిఫికెట్ ఒకటి ఉచితంగా ఇచ్చేస్తారు.

నేను నిరుడు చేయించుకున్నాను. పరగడుపున రక్తం ఇచ్చాక స్కానింగ్‌కు నీళ్లు తాగమన్నారు. ఒక లీటరు తాగి, "ఇక్కడ గర్భస్థ పిండ లింగ నిర్ధారణ చేయబడదు" అన్న బోర్డు కింద బల్ల మీద కూర్చున్నాం. నా పక్కన యాభై దాటిన ఒకావిడ. లోపలికి ఎవరో పెద్ద మనిషి తాలూకు వారిని ముందు పంపారు. ఆవిడ చీర కొంగు పిడికిట్లో నలిపేస్తూ "ఇంకో ఐదు నిమిషాలు దాటితే నాకిక్కడే అయిపోతుందమ్మాయ్" అంది. చివరికి ఆపుకోలేక వెళ్లివచ్చింది, మళ్లీ లీటరు నీళ్లు, మళ్లీ బల్ల. కాబట్టి టోకెన్ నంబరు చూసుకుని, మీ ముందు ముగ్గురు నలుగురు ఉన్నప్పుడే తాగడం మొదలుపెట్టండి.

మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) నలభై దాటాక. రొమ్మును రెండు పలకల మధ్య ఒత్తుతారు, కొన్ని క్షణాలు నొప్పి ఉంటుంది, అబద్ధం చెప్పను. ఆ రోజు చంకల్లో పౌడరు, డియోడరెంట్ వద్దు, చిత్రంలో మచ్చల్లా కనబడతాయి. నెలసరి ముందు వారం కాకుండా తర్వాతి వారం వెళ్తే నొప్పి తక్కువ. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ముందే పట్టడానికి పాప్ స్మియర్ మూడేళ్లకోసారి, లేదా ముప్ఫై దాటాక దానికి కారణమయ్యే వైరస్‌ను చూసే హెచ్‌పీవీ పరీక్ష ఐదేళ్లకోసారి. దీనికి మహిళా డాక్టరు కావాలని అడగడం మీ హక్కు. సిగ్గుతో వాయిదా వేసే ఈ పరీక్ష నిజానికి రెండు నిమిషాల పని. వజ్రం ప్యాకేజీల్లో విటమిన్లన్నీ ఉంటాయి గానీ చాలావాటిలో ఇది ఉండదు, ఎందుకో మరి.

గాజునాళిక
ఎందుకంటే దీన్ని ఇంటికి వచ్చి సూదితో తీసుకుపోలేం.

డాలస్ తెలుగువాడు
ఇక్కడి పద్ధతి కూడా చెబుతాను, పిల్లల దగ్గరకు వచ్చే తల్లిదండ్రులకు పనికొస్తుంది. అమెరికాలో 2010 నాటి ఆరోగ్య చట్టం వల్ల, చాలావరకు బీమా పాలసీల్లో ఏడాదికోసారి నివారణ చెకప్‌కు చేతి డబ్బు పెట్టక్కర్లేదు. అయితే ఆ సందర్భంలోనే "మోకాలు నొప్పిగా ఉంది, చూస్తారా" అన్నామంటే అది విడి సంప్రదింపు కింద లెక్కవేసి బిల్లు పంపవచ్చు. నలభై ఐదు దాటితే పెద్దపేగు క్యాన్సర్ పరీక్ష గురించి వాళ్లే అడుగుతారు. గొట్టం పంపి పేగు లోపల చూసే కొలొనోస్కోపీ లేదా ఇంటి నుంచే మలం నమూనా పంపే పరీక్ష. చూడటానికి వచ్చిన తల్లిదండ్రుల యాత్రా బీమా మాత్రం సాధారణంగా చెకప్‌లకు డబ్బు ఇవ్వదు. విమానం ఎక్కే ముందే అక్కడ చేయించి, మందుల చీటీలతో పాటు రిపోర్టు ప్రతి ఒకటి సంచిలో పెట్టించండి.

విశ్రాంత మాస్టారు
మీరంతా ప్యాకేజీల చుట్టూ తిరుగుతున్నారు. ఊళ్లో ఉన్న ప్రభుత్వ ఆరోగ్య కేంద్రం, ఆయుష్మాన్ ఆరోగ్య మందిరం ఎవరికీ గుర్తు రాలేదు. ముప్ఫై దాటిన ప్రతి ఒక్కరికీ బీపీ, షుగరు, నోటి క్యాన్సర్, ఆడవారికి రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల తొలి పరీక్ష అక్కడ ఉచితం. ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి అలవాట్లు, నడుము కొలత, కుటుంబ చరిత్ర రాసుకునేది కూడా దానికే. వస్తే కసురుకొని పంపకండి. నోరు తెరిపించి చెంపల లోపల టార్చి వేసి చూడటం చిన్న పనే అయినా, చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే మన ఉత్తరాంధ్ర ఊళ్లలో దాని విలువ పెద్దది. హైదరాబాద్‌లో 2018 నుంచి బస్తీ దవాఖానాలు ఉన్నాయి, అక్కడ ఇచ్చిన రక్తం తెలంగాణ డయాగ్నస్టిక్స్ ల్యాబుకు వెళ్తుంది, డబ్బు తీసుకోరు.

వేపచెట్టు
అందరికీ ధన్యవాదాలు. ఇంకా మూడు సందేహాలు. నాన్నగారు బీపీ మాత్ర వేసుకుంటారు (ఇది ఇప్పుడే అమ్మ చెప్పింది, ఆయన చెప్పలేదు). పరగడుపున వేసుకోవచ్చా? బంగారం ప్యాకేజీలో టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ చేసే గుండె పరీక్ష), విటమిన్ డి, బీ12 ఉన్నాయి, నాకు కావాలా? స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్ మొదటి దశ అని వస్తే?

ఊరి డాక్టరు
బీపీ మాత్ర గుక్కెడు నీళ్లతో రోజూ వేసుకునే వేళకే వేసుకోవచ్చు. షుగరు మాత్ర, ఇన్సులిన్ మాత్రం ఖాళీ కడుపున తీసుకుంటే కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది. టిఫిన్‌తోనే తీసుకోవాలి, మోతాదు గురించి ముందుగా మీ డాక్టరును అడగండి. థైరాయిడ్ మాత్ర రక్తం ఇచ్చాక. జుట్టు కోసం బయోటిన్ బిళ్లలు వాడుతుంటే కనీసం రెండు రోజుల ముందు ఆపండి, థైరాయిడ్ అంకెలను తప్పుదారి పట్టిస్తాయి.

టీఎంటీ ఛాతీ నొప్పి, ఆయాసం ఉన్నవారికి. ఏ లక్షణమూ లేకుండా, ముప్పు తక్కువగా ఉన్నవారికి చేస్తే లేనిది ఉన్నట్టు చూపే అవకాశం ఎక్కువ, అక్కడి నుంచి యాంజియోగ్రామ్ దాకా ప్రయాణం. వద్దు. విటమిన్ డి అందరికీ అవసరం లేదు. బీ12 పూర్తి శాకాహారులకు, మెట్‌ఫార్మిన్ అనే షుగరు మాత్ర చాలాకాలంగా వాడేవారికి అర్థవంతం.

ఫ్యాటీ లివర్ మొదటి దశ అని నా దగ్గరకు వచ్చే స్కానింగ్ రిపోర్టుల్లో తరచూ ఉంటుంది. దానికి లివర్ టానిక్‌లు కొనకండి. బరువులో ఏడు నుంచి పది శాతం తగ్గితే కొవ్వు తగ్గుతుంది. దాన్ని చూసినప్పుడు లివర్ కన్నా ముందు షుగరు, ట్రైగ్లిజరైడ్లు, నడుము కొలత చూడాలి.

చింతనిప్పు
డాక్టరు గారూ, ఆ వెండి ప్యాకేజీలో కూడా సగం తీసేశారు. మీకు ల్యాబ్ వాళ్లు దీపావళికి మిఠాయి పంపరు.

విశ్రాంత మాస్టారు
పన్ను సంగతి ఎవరూ ఎత్తలేదు. అందరం 80డి అని పిలుచుకునే మినహాయింపులో, పాత పన్ను విధానం ఎంచుకున్నవారికి చెకప్ ఖర్చు 5,000 రూపాయల దాకా చూపుకోవచ్చు. బీమా ప్రీమియానికి ఇచ్చే పరిమితిలోనే అది కలిసి ఉంటుంది, అదనం కాదు.

మల్లెపందిరి
మాస్టారూ, ఆ ఐదు వేలు మనిషికా, ఇంటికా? నగదు ఇస్తే చెల్లుతుందా?

విశ్రాంత మాస్టారు
మనిషికి కాదమ్మా. మీరు, మీవారు, మీ మీద ఆధారపడిన పిల్లలు, మీ అమ్మానాన్నలు అందరిదీ కలిపి ఐదు వేలు. బీమా ప్రీమియం నగదుగా కడితే చెల్లదు గానీ చెకప్‌కు చెల్లుతుంది, రసీదు దాచండి. అత్తమామలది మీ లెక్కలో రాదు, మీవారి లెక్కలో చూపించాలి. వేపచెట్టు గారికి ఆఫీసు కూపన్ కాబట్టి ఆయన జేబులోంచి పెట్టింది ఏమైనా ఉంటే అంతవరకే.